రాధాకృష్ణ పండితుని రాయబారము

మన సంఘ వార్షిక మహాసభ యీయేడు పెన్న కుత్తరమున సముద్రతీరమందలి విడవలూరున సమావేశమగుచున్నది. ఈ సంచికకు నెల్లూరు సీమతో సంబంధముగల యొక మహనీయుని చరిత్రము వ్రాసి పంపవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. తిక్కన సోమయాజిని గూర్చి వ్రాయుదమని మొదట దలంచితిమి. ఆయన మనుమసిద్ధి కొఱకై యోరుగల్లున కేగి గణపతిదేవుని సాయము సంపాదించెనని ప్రతీతి. ఆ కథ నెల్లూరివారి కెల్లరకు దెలిసినదే. కావున నదే కోవకు జెంది, మన కాలమునకు దగ్గఱవాడైన వేఱొక విద్వాంసుని రాయబారమును జెప్ప బూనితిమి.

సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పూర్వులు నెల్లూరునకు దక్షిణమున నున్న సర్వేపల్లి గ్రామమువారు. ఇంటిపేరున నా గ్రామము నేటికిని నిలిచియున్నది. ఆయన 1888 సెప్టెంబరు 5వ తేదీని తిరుత్తణియందు వీరాస్వామి, సీతమ్మ దంపతులకు జన్మించెను. కలిమిగల యిల్లు కాదు. తిరుపతిలోను, వేలూరులోను, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలోను విద్యార్థి వేతనముల యాధారమున జదువుకొనెను. తత్త్వశాస్త్ర మాయన కోరి యెన్నుకొన్నది కాదు. బంధువొకడు తాను చదివి ముగించిన తత్త్వశాస్త్ర గ్రంథముల నిచ్చుటచే వెల పెట్టి కొనవలసిన పని తప్పి, యా శాస్త్రమునే చేపట్టెను. ఆ పాతపుస్తకముల దానమే లోకమునకు రాధాకృష్ణు నిచ్చినది.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో నుపాధ్యాయుడై, 1918లో మైసూరునకు, 1921లో కలకత్తాకు వెడలెను. 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా నుండి, పిదప ఆక్సుఫర్డులో ప్రాచ్యమతములను, నీతిశాస్త్రమును బోధించు నాచార్యపీఠము నలంకరించెను. 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ భారమును వహించెను. ఇదియంతయు బండితుని చరిత్రము. మనము విచారింపవలసిన ఘట్ట మిటుపై గలదు.

స్వతంత్ర భారతమునకు మాస్కోలో తొలి రాయబారి విజయలక్ష్మీ పండిట్. ఆమె యచట నున్నంతకాలము స్టాలిన్ దర్శన మామెకు లభింపలేదు. మన స్వాతంత్ర్యము పేరునకు మాత్రమే యని యానాడు సోవియట్టువారి తలంపు. తెలంగాణమున 1946 మొదలు కమ్యూనిస్టుల నాయకత్వమున సాయుధ పోరాటము సాగుచుండుటచే ఢిల్లీవారికిని మాస్కోపై ననుమానము మెండు. ఇట్టి సమయమున, 1949లో, ప్రధానమంత్రి జవహర్లాల్ నెహ్రూ యచటికి బంపినది రాజతంత్రమున నాఱితేరినవానిని గాదు, వేదాంతము చెప్పు నుపాధ్యాయుని. ఈశ్వరుని నమ్మని రాజ్యమున కుపనిషత్తులు చదివినవాడేల యని పలువు రాశ్చర్యపడిరి. ఆయన తన ఆక్సుఫర్డు ఆచార్యత్వమును సైతము వదలలేదు.

1950 జనవరి 14వ తేదీ రాత్రి స్టాలిన్ ఆయనకు దర్శన మిచ్చెను. రక్తపాతముతో కళింగమును జయించి, పిదప శాంతి నాశ్రయించిన యశోకుని ప్రసంగ మానాడు వచ్చెనని చెప్పుదురు. నిరంకుశ ప్రభువు సమక్షమున నట్టి మాట యెత్తుటకు ధైర్యము వలయును. ఎదుటివాడు నొచ్చుకొనకుండ నెత్తుటకు సౌజన్యము వలయును. రెండును గలవాడే రాయబారి.

ఆ సంవత్సరము జూను 25న కొరియా యుద్ధ మారంభమయ్యెను. చీనాకు ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో స్థాన మొసగి, సోవియట్టువారిని మరల నందు జేర్చి, చర్చలద్వారా యుద్ధము మాన్పింపవలెనని భారతము యత్నించెను. మాస్కోలో నీ యత్నమును నడపినవాడు రాధాకృష్ణుడు. జూలై 13న నెహ్రూ వ్రాసిన లేఖకు స్టాలిన్ రెండు దినములలో ననుకూలముగ బదులిచ్చెను. అమెరికావారు 18న నిరాకరించిరి. యుద్ధ మాగలేదు. అయినను భారతము మాట మాస్కోలో వినబడునని తేలినది. 1951లో మనకు ధాన్యపు కఱవు వచ్చినప్పుడు సోవియట్టు గోధుమలు వచ్చెను. 1952 జనవరిలో కాశ్మీర విషయమున వారి ప్రతినిధి భద్రతామండలిలో నాంగ్లేయుల యొక్కయు, అమెరికావారి యొక్కయు జోక్యమును ఖండించెను. ఆ యేప్రిల్‌లో సెలవు తీసికొనుటకు వెళ్లినప్పుడు పండితుడు స్టాలిన్ చెంప నిమిరెననియు, ఆతని కన్నులు చెమ్మగిల్లెననియు నొక కథ వ్యాపించినది.

ఈ మైత్రి యంతయు నొక్కని కృతమని చెప్పుట యతిశయోక్తి యగును. విదేశాంగనీతి నెహ్రూది. భిలాయి ఉక్కు కర్మాగారపు టొడంబడిక (1955), ఇరుదేశముల మైత్రీ సంధి (1971) వేఱు కారణముల వలనను గలిగినవి. కాని మూసియున్న తలుపును మొదట దెఱచినవా డాయన. మైత్రికి వెలయు గలదు: 1956లో హంగరీపై సోవియట్టు సేనలు నడచినప్పుడు భారతము వెంటనే గట్టిగా బల్కలేదని వచ్చిన నింద యకారణము కాదు.

1952లో ఉపరాష్ట్రపతియు, 1962లో రాష్ట్రపతియు నైన పిదపను ఆయన సత్యము చెప్పుట మానలేదు. 1957లో పెకింగులో మావోను సైతము చెంప నిమిరి పలకరించిన యా స్నేహశీలియే, 1962లో చీనా దండెత్తినప్పుడు, మన ప్రభుత్వము అతి విశ్వాసముచేతను, అజాగ్రత్తచేతను మోసపోయెనని బాహాటముగ జెప్పెను. తన ప్రభుత్వమునే తప్పుపట్టుట రాష్ట్రపతికి సులభము కాదు. 1975 ఏప్రిల్ 17న మద్రాసునందు దివంగతుడయ్యెను. ఆయన తలుపు దెఱచిన సోవియట్టు రాజ్యమును 1991 డిసెంబరులో నంతరించినది.

నలువదేండ్లు బడిలో బల్ల ముందు నిలిచిన మేము కోరునది యొకటి. ఇట్టి సభలలో మహాపురుషుని మావాడని చెప్పుకొనుట పరిపాటి. ఇంటిపేరులో మన జిల్లా గ్రామ మున్నదని సంతసించుట తప్పు కాదు. దానికి వ్యయము లేదు. ఆ బంధువు చేసిన పని చేయుటకు మాత్రము కొంత వ్యయము గలదు. విడవలూరు చుట్టుప్రక్కల వరిచేల నడుమనుండియు, సముద్రతీరపు పల్లెలనుండియు బడికి నడచివచ్చు బాలురు, బాలికలు గలరు. వారిలో నెవ్వరు రేపు దేశము పక్షమున నిలిచి మాటాడుదురో యెవ్వ రెఱుగుదురు? పోషకులు ఆలోచింతురు గాక. వారు మన కులమువారా యని యడుగక, పుస్తకము లున్నవా యని యడుగవలెనని మా ప్రార్థన.

శుభం భూయాత్.