గోదావరి డెల్టా ప్రదాత సర్ ఆర్థర్ కాటన్

ఆంధ్రదేశపు ధాన్యాగారంగా పేరొందిన గోదావరి డెల్టా ఒకప్పుడు కరువు కాటకాలకు నిలయంగా ఉండేదంటే నేటి తరానికి నమ్మశక్యం కాదు. సముద్రం పాలవుతున్న నదీజలాలను పొలాలకు మళ్లించి ఈ సీమ రూపురేఖలను మార్చిన మహనీయుడు జనరల్ సర్ ఆర్థర్ థామస్ కాటన్. సైనికునిగా, ఇంజినీరుగా, గృహస్థుగా తొంబై ఆరేళ్ల నిండు జీవితం గడిపిన ఆయన జయంతిని ఏటా మే 15న గోదావరి జిల్లాల ప్రజలు కృతజ్ఞతాపూర్వకంగా జరుపుకుంటున్నారు.

కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో హెన్రీ కాల్వెలీ కాటన్ దంపతుల పదవ కుమారునిగా జన్మించారు. పదిహేనవ ఏట ఈస్టిండియా కంపెనీకి చెందిన అడిస్కాంబ్ సైనిక విద్యాలయంలో చేరి, 1819లో మద్రాసు ఇంజినీర్ల దళంలో నియమితులయ్యారు. ఆయన సోదరులు ఫ్రెడరిక్, హ్యూ సైతం అదే దళంలో పనిచేశారు. 1821లో మద్రాసు చేరిన కాటన్ మరుసటి సంవత్సరం పాంబన్ జలమార్గాన్ని సర్వే చేశారు. 1824-26 మధ్య జరిగిన మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు.

యుద్ధానంతరం ఆయన దృష్టి తంజావూరు ప్రాంతపు కావేరి నదిపైకి మళ్లింది. చోళుల కాలం నాటి కల్లణైని ఆయన శ్రద్ధగా పరిశీలించారు. ఇసుక పునాదిపై రాతికట్టను నిలిపే విధానాన్ని ఈ దేశపు ప్రాచీన నిర్మాతల నుంచే నేర్చుకున్నానని తదనంతర కాలంలో నిస్సంకోచంగా అంగీకరించారు. 1836లో కొల్లిడం నదిపై ఆయన నిర్మించిన ఆనకట్టలు తంజావూరు సేద్యానికి ప్రాణం పోశాయి. గోదావరిపై చేపట్టబోయే బృహత్కార్యానికి ఆ అనుభవమే పునాది అయింది.

ఆ కాలంలో రాజమండ్రి జిల్లా పరిస్థితి అతి దయనీయంగా ఉండేది. 1832-33లో సంభవించిన నందన కరువు, 1839 నాటి తుపాను ప్రజలను కకావికలు చేశాయి. 1821లో సుమారు 7.38 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. జిల్లాను పరిశీలించిన కాటన్ 1844, 1845 సంవత్సరాలలో ప్రభుత్వానికి నివేదికలు సమర్పించారు. నదిలో నీరు సమృద్ధిగా ఉండగా ప్రజలు ఆకలితో మరణించడం పాలనాలోపమేనన్నది వాటి సారాంశం. నష్టాన్ని, రాబడిని అంకెలతో నిరూపించడంలోనే ఆ నివేదికల బలమంతా ఉంది. శిస్తు రాబడి పెరుగుతుందన్న లెక్కే కంపెనీ డైరెక్టర్లను ఒప్పించిందన్నది చరిత్ర సత్యం. 1846 డిసెంబరులో సుమారు 4.75 లక్షల రూపాయల అంచనాతో ఆనకట్టకు ఆమోదం లభించింది.

1847లో పనులు ప్రారంభమయ్యాయి. నది డెల్టాలోకి ప్రవేశించే చోట, లంకలతో విడిపోయి విశాలంగా ప్రవహించే ధవళేశ్వరాన్ని కాటన్ ఎంపిక చేశారు. అచ్చట నది లోతు తక్కువ, రాయి సమీపంలోనే లభ్యం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సుమారు పన్నెండు వేల అడుగుల కట్టడం 1852లో పూర్తయింది. అనారోగ్యంతో కాటన్ సెలవుపై వెళ్లినపుడు కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పనులను పర్యవేక్షించారు. గన్నవరం అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ నిర్మించారు. స్థానికుడైన వీణం వీరన్న కాటన్‌కు కుడిభుజంగా నిలిచి కూలీలను సమీకరించారు. రాళ్లు మోసి, కాలువలు తవ్వి ఈ నిర్మాణానికి చెమటోడ్చిన వేలాది శ్రామికుల పేర్లు మాత్రం ఏ శిలాఫలకానికీ ఎక్కలేదు.

కుటుంబ జీవితంలోనూ కాటన్ ఆదర్శప్రాయులు. 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహమాడారు. ఎండలకు, వరదలకు, జ్వరాలకు వెరవక ఆ కుటుంబం ధవళేశ్వరంలో నివసించింది. లేడీ హోప్‌గా ప్రసిద్ధి చెందిన కుమార్తె ఎలిజబెత్ రచించిన తండ్రి జీవిత చరిత్ర 1900లో వెలువడింది.

కాటన్ 1861లో సర్ బిరుదును పొందారు. స్వదేశానికి వెళ్లిన పిమ్మట సైతం భారతదేశ నదుల అనుసంధానం, జలరవాణా కొరకు అవిశ్రాంతంగా వాదించారు. రైల్వేలకు వెచ్చిస్తున్న ధనాన్ని కాలువలపై వెచ్చించాలని కోరారు. 1878లో పార్లమెంటు కమిటీ ఎదుట తన వాదన వినిపించినప్పటికీ దానిని ఒప్పించలేకపోయారు. వృద్ధాప్యంలో డోర్కింగ్‌లోని తన తోటలో లోతు దుక్కితో గోధుమ సాగుపై ప్రయోగాలు చేస్తూ, 1899 జులై 24న కన్నుమూశారు.

నూట ముప్పై ఏళ్లు సేవలందించిన పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో నిర్మించిన నూతన బ్యారేజి 1982లో పూర్తికాగా, దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టడం జరిగింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో పది లక్షల ఎకరాలకు పైగా భూములు దీని ద్వారా సాగవుతున్నాయి. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం నాటి నిర్మాణ విశేషాలను సందర్శకులకు తెలియజేస్తోంది. గోదావరి తీరాన స్నాన సంకల్పంలో కాటన్‌ను స్మరించే సంప్రదాయం నేటికీ ఉంది.

విగ్రహాలకు పూలమాలలు వేయడంతోనే ఆయన ఋణం తీరదు. క్షేత్రస్థాయిలో చూసిన సత్యాన్ని నిర్భయంగా నివేదించడం, మంజూరైన పనిని తుదివరకు నడిపించడం ఆయన మనకు మిగిల్చిన వారసత్వం. కాలువ శివారున ఉన్న చివరి ఎకరాకు సకాలంలో నీరందించడం, మురుగు కాలువలను పూడిక లేకుండా కాపాడుకోవడమే కాటన్ మహాశయునికి నిజమైన నివాళి.