గులాం యజ్దానీ

గులాం యజ్దానీ (మార్చి 22, 1885 - నవంబరు 13, 1962) ప్రముఖ పురావస్తు శాస్త్రవేత్త, శాసన పరిశోధకుడు, చరిత్రకారుడు. నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో 1914లో ఏర్పడిన పురావస్తు శాఖకు సంచాలకుడిగా మూడు దశాబ్దాల పాటు పనిచేశాడు. అజంతా కుడ్యచిత్రాల పరిరక్షణకు, వాటి సచిత్ర ప్రచురణకు ఆయన చేసిన కృషి ప్రసిద్ధి చెందినది.

జీవిత విశేషాలు

యజ్దానీ ఢిల్లీలో జన్మించాడు. అక్కడి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివాడు. అరబ్బీ, పారశీక భాషలలో పండితుడు. కొంతకాలం అధ్యాపకుడిగా పనిచేసిన తరువాత హైదరాబాదు వచ్చి పురావస్తు శాఖ బాధ్యతలు స్వీకరించాడు. 1943లో పదవీ విరమణ చేశాడు.

హైదరాబాదులో కృషి

1591లో పాతబస్తీకి, చార్మినారుకు పునాది వేసిన కుతుబ్‌షాహీ వంశపు శాసనాలపై యజ్దానీ విశేషంగా పరిశోధించాడు. గోల్కొండ కోటలోను, కుతుబ్‌షాహీ సమాధులపైన ఉన్న శాసనాలను చదివి, ఎపిగ్రాఫియా ఇండో-మోస్లెమికాలో ప్రకటించాడు. ఆ వంశపు రాజుల మరణ తేదీలను నిర్ణయించడానికి ఈ సమాధి శాసనాలు ముఖ్య ఆధారాలు.

భువనగిరి సమీపంలోని రాయగిరిలో బృహత్ శిలాయుగపు సమాధులను పరిశీలించి, అక్కడి కుండలపై గల గుర్తులను గురించి 1917లో వ్యాసం ప్రకటించాడు. మాస్కి, పైఠాన్, కొండాపూర్ తవ్వకాలు ఆయన శాఖ ఆధ్వర్యంలో జరిగాయి. కొండాపూర్‌లో శాతవాహనుల కాలపు పట్టణం బయల్పడింది.

అజంతా పరిరక్షణ

అజంతా గుహలు అప్పట్లో హైదరాబాదు రాజ్యంలో ఉండేవి. చిత్రాలున్న గార పెచ్చులుగా ఊడిపోతూ ఉండేది. నిజాం ప్రభుత్వం ఇటలీ నుండి లొరెంజో చెక్కోని, కౌంట్ ఒర్సిని అనే నిపుణులను రప్పించింది. వీరు 1920-22 మధ్య ఊడుతున్న గారను గోడకు అతికించి, చిత్రాలపై లక్కతో చేసిన వార్నిషు పూశారు. దీనివల్ల అనేక చిత్రాలు రాలిపోకుండా నిలిచాయి. అయితే కాలక్రమంలో ఆ లక్కపూత పసుపెక్కి, దుమ్ము పట్టి, అసలు రంగులను మరుగుపరచింది. తరువాతి తరాల రసాయన శాస్త్రవేత్తలు ఆ పూతను తొలగించవలసి వచ్చింది. చిత్రం దేనితో తయారైనదో ముందుగా తెలుసుకోకుండా చికిత్స చేయరాదన్న పాఠానికి అజంతా ఒక ఉదాహరణ.

రసాయన పరీక్షలు

1930లలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం రసాయన శాస్త్రవేత్త ఎస్. పరమశివన్ అజంతా గారను, రంగులను పరీక్షించాడు. ఆయన ఫలితాలు హైదరాబాదు పురావస్తు శాఖ 1936-37 వార్షిక నివేదికలో వెలువడ్డాయి.

తడి సున్నపు గారపై రంగు వేసే పద్ధతిని ఫ్రెస్కో అంటారు. ఆరే సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడుతూ రంగును తనలో బంధిస్తుంది. అజంతా గార ప్రధానంగా మట్టితో చేసినది. అందులో ఇసుక, వృక్షజాతి పీచు కలిపి, పైన పలుచని సున్నపు పూత వేశారు. ఆ పూత ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులతో చిత్రించారు. కనుక ఇవి నిజమైన ఫ్రెస్కోలు కావని తేలింది. ఎరుపు, పసుపు రంగులు ఇనుము ఖనిజాలు గల మట్టి నుండి, నలుపు దీపపు మసి నుండి తయారైనవి. నీలిరంగు లాపిస్ లాజులి అనే రాతి పొడి. ఈ రాయి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ ప్రాంతంలో దొరుకుతుంది. దీనిని బట్టి అజంతా చిత్రకారులకు దూరదేశ వర్తకంతో సంబంధం ఉండేదని ఊహించవచ్చు.

జిగురుతో వేసిన రంగు నీటికి కరిగిపోగలదు. అందుచేత ఇటువంటి చిత్రాలను తడితో శుభ్రపరచడం ప్రమాదకరం. చిత్రరచనా పద్ధతిని గురించిన చర్చ ఈ విధంగా వాటి రక్షణకు కూడా సంబంధించినది.

రచనలు, గౌరవాలు

అజంతాపై యజ్దానీ గ్రంథం నాలుగు భాగాలుగా 1930, 1933, 1946, 1955 సంవత్సరాలలో వెలువడింది. ఆ గ్రంథం పేరులో కుడ్యచిత్రాలను ఫ్రెస్కోలుగానే పేర్కొన్నారు. ఆనాడు ఆ మాట అంతగా వాడుకలో ఉండేది. అనేక చిత్రాలు ఆ తరువాత మరింత శిథిలమైనందున ఈ గ్రంథంలోని ఛాయాచిత్రాలకు ప్రాముఖ్యత పెరిగింది. మాండూ, బీదరు నగరాలపై కూడా ఆయన గ్రంథాలు రచించాడు. దక్కను ప్రాచీన చరిత్రకు సంపాదకత్వం వహించాడు. భారత ప్రభుత్వం 1959లో ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది.