కెన్నెడీ నౌకాదళ సర్వీసు

1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురైనప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. ఆయన నౌకాదళ సర్వీసు సంగతి రిటైరయ్యాకే చదివాను.

నడుం నొప్పి వల్ల సైన్యంలో మెడికల్ పరీక్ష తప్పారు. తండ్రి పలుకుబడితో 1941లో నౌకాదళంలో చేరారు. నా సర్వీసులో బదిలీ తప్పించుకునే సిఫారసులే చూశాను గాని, యుద్ధానికి పోవడానికి చేయించుకున్న సిఫారసు ఇదొక్కటే విన్నాను.

1943 ఆగస్టు 2 తెల్లవారుజామున, సోలమన్ దీవుల దగ్గర, ఆయన ఆధ్వర్యంలోని పిటి-109 పడవను జపాను యుద్ధనౌక అమగిరి గుద్ది రెండు ముక్కలు చేసింది. పదముగ్గురిలో కిర్క్‌సీ, మార్నీ పోయారు. ఒళ్లు కాలి ఈదలేని మెక్‌మాన్ లైఫ్ జాకెట్ పట్టీని పళ్లతో కరచి పట్టుకుని, కెన్నెడీ గంటల తరబడి ఈదుతూ ఒక దీవికి చేర్చారు. ఆ నడుంతోనే! గాసా, కుమానా అనే దీవివాసులు, ఆయన కబురు చెక్కిచ్చిన కొబ్బరికాయను శత్రువులు తిరిగే నీళ్లలో తెడ్డు పడవపై మోసుకుపోయారు. 8న అందరినీ రక్షించారు. ఆ చిప్ప తరువాత అధ్యక్షుని బల్లపై ఉండేది.

ధైర్యానికీ, గాయానికీ ఆయనకు వేరే పతకాలిచ్చారు. ఆసియా-పసిఫిక్ కాంపెయిన్ మెడల్ మాత్రం అక్కడ పనిచేసిన ప్రతివారికీ ఇచ్చేదే. హాజరుపట్టీ లాంటిదన్న మాట. నాకు ఆ పతకం మీదే గౌరవం ఎక్కువ. తిరిగిరాని కిర్క్‌సీ, మార్నీలూ దానికి అర్హులే.