ఫ్రాయిడ్‌ను చూడలేదు.. వాదన మాత్రం మానలేదు

జ్వరం వచ్చిందనో, కాలు బెణికిందనో జిల్లా ఆస్పత్రికి వెళ్లడానికి ఎవరూ సిగ్గుపడరు. మానసిక వైద్యుడి గది ముందు కూర్చోవాలంటే మాత్రం మనవాళ్లు నాలుగు దిక్కులా చూస్తారు. తెలిసినవాళ్లు కనబడితే చీటీ జేబులో పెట్టేసుకుంటారు. సింధనూరు, మాన్వి క్యాంపుల నుంచి కొందరు ఊళ్లో తెలియకూడదని బళ్లారికో, బెంగళూరు నిమ్హాన్స్‌కో బస్సెక్కుతారు. అప్పటికే తాయెత్తులు, దిష్టి తీయడాలు ఎలాగూ అయిపోయి ఉంటాయి.

మామూలు రోగులు వచ్చే ఆస్పత్రిలోనే మనసు జబ్బులకూ ఓపీ ఉండాలని మన దేశంలో మొదట చేసి చూపించింది కలకత్తాలో. సంవత్సరం 1933. అప్పటి కార్మైకేల్ మెడికల్ కాలేజీ, ఇప్పటి ఆర్.జి.కర్ ఆస్పత్రి అది. దాన్ని తెరిచిన డాక్టరు గిరీంద్రశేఖర్ బోస్.

బోస్ 1887 జనవరి 30న పుట్టారు. తండ్రి చంద్రశేఖర్ దర్భంగా సంస్థానంలో దివాను. తొమ్మిది మంది సంతానంలో ఈయనే ఆఖరు. అన్న రాజశేఖర్ బోస్ అంటే బెంగాలీలకు ప్రాణం, పరశురామ్ పేరుతో హాస్య కథలు రాసింది ఆయనే. తమ్ముడికి కుర్రతనంలో ఇంద్రజాలం, హిప్నాటిజం అంటే పిచ్చి. 1910లో డాక్టరీ పట్టా చేతికొచ్చింది. ప్రాక్టీసు పెట్టాక మందులకు లొంగని రోగుల మీద ఆ హిప్నాటిజమే ప్రయోగించి చూశారు. వియన్నాలో ఫ్రాయిడ్ అనే ఆయన రోగులను పడుకోబెట్టి మాట్లాడిస్తున్నాడని పత్రికల్లో అరకొరగా చదివారు. పుస్తకాలు తెప్పించుకుందామంటే ఇంగ్లీషులో అంతగా దొరికే రోజులు కావు. దాంతో తన దారి తానే వేసుకున్నారు.

కలకత్తా యూనివర్సిటీలో సైకాలజీ కోర్సు పెట్టగానే, చేతినిండా రోగులున్న ఈ డాక్టరు మళ్లీ విద్యార్థిగా చేరారు. 1917లో ఎమ్మెస్సీ, 1921లో డాక్టరేట్. మన దేశంలో సైకాలజీలో అదే తొలి డాక్టరేట్. ఆ పరిశోధన అంతా అణచివేత మీదే. సిగ్గు తెప్పించే కోరికను, భయపెట్టే ఆలోచనను మనసు అడుగుకి తొక్కేస్తుంది. అది అక్కడ చచ్చిపోదు. నిద్రలో కలగానో, మెలకువలో జబ్బుగానో పైకొస్తుంది. మాటల ద్వారా దాన్ని బయటకు లాగాలన్నది ఫ్రాయిడ్ చెప్పిన వైద్యం.

బోస్ ఇంకో మెట్టు ఎక్కారు. ప్రతి కోరికకూ దాని ఎదురు కోరిక జంటగా ఉంటుందన్నారు. కొట్టాలన్న కోరిక పక్కనే కొట్టించుకోవాలన్న కోరిక కూడా దాక్కుని ఉంటుంది. ఒకటి పైకి లేస్తే రెండోది అణగిపోతుంది. అందుకే ఆయన వైద్యం పిల్లలు ఆడుకునే సీసా బల్లలా ఉండేది. తండ్రి మీద కసితో రగిలిపోయేవాడు వచ్చాడనుకోండి. కాసేపు కొడుకుగా, కాసేపు ఆ తండ్రి స్థానంలో తనను ఊహించుకోవాలి. అటూ ఇటూ ఊగి ఊగి రెండు కోరికలూ వెలుగులోకి వస్తే ముడి వదులవుతుంది. మన ఇళ్లలో అత్తాకోడళ్ల తగువుకు ఒక్కసారి దీన్ని పెట్టి చూడండి, సంగతేంటో తెలుస్తుంది.

ఉత్తరాల్లోనే స్నేహం

1921లో తన పుస్తకాన్ని బోస్ ఫ్రాయిడ్‌కు పంపారు. అంత దూరాన భారతదేశంలో తన శాస్త్రం మీద పుస్తకం వచ్చిందా అని పెద్దాయన ఆశ్చర్యపోయి, సంతోషంగా జవాబు రాశారు. ఆ ఉత్తరాలు 1930ల దాకా సాగాయి. ఇద్దరూ ఒక్కసారి కూడా కలవలేదు. ఓసారి బోస్ తరఫున ఓ చిత్రకారుడు ఫ్రాయిడ్ ఎలా ఉంటాడో ఊహించి బొమ్మ వేస్తే, దాన్నీ వియన్నాకు పంపారు. బొమ్మ బాగుంది, తనకంటే బాగుందన్నట్టు ఫ్రాయిడ్ చమత్కరించారు. 1922లో పార్సీబగాన్ లేన్‌లోని 14వ నంబరు ఇంట్లో, అంటే సొంతింట్లోనే, బోస్ ఇండియన్ సైకోఅనలిటికల్ సొసైటీ పెట్టారు. అంతర్జాతీయ సంఘం దానికి గుర్తింపునిచ్చింది. చనిపోయేదాకా ఆయనే అధ్యక్షుడు.

1929లో అసలు వాదన మొదలైంది. తండ్రి తన మగతనాన్ని కోసేస్తాడేమోనన్న భయం మగపిల్లాడి మనసులో నాటుకుపోతుందని, చాలా జబ్బులకు మూలం అక్కడుందని ఫ్రాయిడ్ సిద్ధాంతం. మా రోగుల్లో ఆ భయం యూరప్ వాళ్లలో ఉన్నంత గట్టిగా కనబడటం లేదని బోస్ రాశారు. మగవాళ్లలో ఆడదాన్ని కావాలన్న కోరికే ఇక్కడ తేలిగ్గా బయటపడుతోందని కూడా చెప్పారు. ఫ్రాయిడ్ మర్యాదగానే జవాబిచ్చారు గానీ ఒప్పుకోలేదు. బోసూ వెనక్కి తగ్గలేదు.

ఇది ఇద్దరు పండితుల పట్టుదలగా కొట్టిపారేయడానికి లేదు. అదే రోజుల్లో అదే శాస్త్రాన్ని కొందరు ఇంగ్లీషు అధికారులు ఎలా వాడారో చూడాలి. రాంచీలో పిచ్చాసుపత్రి నడిపిన బర్క్‌లీ హిల్ హిందువుల మతాన్నీ, స్వభావాన్నీ ఒక రకం మానసిక వికారంగా వివరించాడు. సైన్యాధికారి డాలీ స్వాతంత్య్రం అడిగేవాళ్ల తిరుగుబాటునే రోగంలా చూశాడు. ఇద్దరూ బోస్ సొసైటీ సభ్యులే! వాళ్లు పుస్తకం చేత్తో పట్టుకుని మనుషులను కొలిచారు. బోస్ ఎదుట కూర్చున్న రోగి మాటతో పుస్తకాన్ని కొలిచారు. క్లినికల్ సైకాలజీ చదివే మన పిల్లలకు ఈ తేడా ముందు చెప్పాలి.

మూడు పడకలతో..

1940లో కలకత్తా తిల్జలాలో లుంబినీ పార్కు మానసిక ఆస్పత్రి మొదలైంది. స్థలం అన్న రాజశేఖర్ ఇచ్చిందే. మొదట ఉన్నవి మూడంటే మూడు పడకలు. ఈలోగా మన వైపూ కదలిక వచ్చింది. మైసూరు యూనివర్సిటీలో 1924లోనే సైకాలజీ విభాగం ఏర్పడింది. ఇప్పటి నిమ్హాన్స్‌కు మూలమైన సంస్థ బెంగళూరులో 1954లో వచ్చింది. మన తెలుగులో బుచ్చిబాబు నవల చివరకు మిగిలేది మీద ఫ్రాయిడ్ నీడ ఉందని విమర్శకులు ఇప్పటికీ చర్చిస్తుంటారు.

నిజం చెప్పాలంటే బోస్ ఎదురు కోరికల సిద్ధాంతం ఎక్కడా పెద్దగా నిలబడలేదు. ఏళ్ల తరబడి పడుకోబెట్టి మాట్లాడించే వైద్యం పేదవాడికి అందేదీ కాదు. ఇప్పుడు ఆస్పత్రుల్లో మందులు, తక్కువ రోజుల్లో ముగిసే కౌన్సెలింగ్ పద్ధతులదే రాజ్యం. ఓపీ మాత్రం నిలిచింది. 1985లో నిమ్హాన్స్ డాక్టర్లు పక్కనున్న బళ్లారి జిల్లాను ఎంచుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే మనసు జబ్బులు గుర్తుపట్టడం నేర్పారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. గది ముందు కూర్చోవడానికి ఇంకా బెరుకుంటే 14416కు ఫోను చేయొచ్చు. 2022లో మొదలైన ఈ టెలిమానస్ సేవలో తెలుగులోనూ మాట్లాడొచ్చు.

1931లో ఫ్రాయిడ్‌కు 75 ఏళ్లు నిండాయి. కలకత్తా సొసైటీ దంతపు విష్ణుమూర్తిని కానుకగా పంపింది. ఫ్రాయిడ్ దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నారు. కొన్నాళ్లకు బొమ్మకు పగుళ్లు వచ్చాయి. కలకత్తాకు అలవాటుపడ్డ దేవుడికి వియన్నా గాలి పడలేదేమోనని ఆయన రాసుకున్నారు. 1938లో నాజీల బాధ పడలేక లండన్ చేరినప్పుడు విష్ణుమూర్తీ వెంట వెళ్లాడు. ఫ్రాయిడ్ ఆ మరుసటి ఏడాది పోయారు. బోస్ 1953 జూన్ 3న కన్నుమూశారు. లండన్‌లోని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. విష్ణుమూర్తి అక్కడి బల్ల మీదే ఉన్నాడు.