రహీం సాబ్ నేర్పిన పాఠం

పెద్ద స్టేడియం కడితేనే పెద్ద ఆటగాళ్లు పుడతారని మనలో చాలామందికి ఒక నమ్మకం. సర్కారు సొమ్ముతో ఫుట్‌బాల్ స్టేడియం కట్టాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం యాదికొస్తుంది.

రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడక ముందు మన వరంగల్ కాలేజీలకూ అదే తల్లి. చదువయ్యాక ఆయన బడిపంతులయ్యారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950లో సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన చేతిలో ధనం లేదు, పద్ధతి ఉంది. రెండో కాలు కూడా పనికి రావాలని, చేతకాని కాలితోనే ఆడే పోటీలు పెట్టించారు. బంతిని ఒక్కడే పట్టుకొని తిరిగే అలవాటు పోవాలని డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టించారు. వీటికి కావలసింది మట్టి మైదానం, ఒక బంతి, ఓపికగల పంతులు. అంతే!

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. రహీం కుంగిపోలేదు, తప్పులు దిద్దారు. 1956లో మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. సోవియట్ అప్పుతో ఇండోనేషియా కొత్తగా కట్టుకున్న మహా స్టేడియమది. జనమంతా మనకు ఎదురు తిరిగి అరిచారు. అయినా దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. స్టేడియం వాళ్లది, పతకం మన పంతులుగారిది! తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు.

ఇక నేటి ముచ్చట. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు వేదికైన గచ్చిబౌలి స్టేడియం ప్రజాధనంతో కట్టినదే. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ దాన్ని సొంత మైదానంగా చేసుకుంది. 2022లో ఐఎస్ఎల్ కప్పు కూడా గెలిచింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. స్టేడియం మాత్రం ఇక్కడే ఉంది.

నేను రైతు బిడ్డను. కాకతీయులు చెరువులు కట్టిన గడ్డ మీద పుట్టినవాణ్ణి. కట్ట ఎంత ఎత్తుగా పోసినా, నీళ్లు తెచ్చే వాగు పూడిపోతే చెరువు నిండదు. స్టేడియం చెరువు అయితే, పల్లె బడి మైదానమే వాగు. మా నాయన డీజిల్ కొన్నప్పుడల్లా సర్కారుకు పన్ను కడుతున్నాడు. ఆ పైసల్లో మొదటి వాటా బడి మైదానానికీ, అక్కడ ఆట నేర్పే పంతులుకూ దక్కాలి. స్టేడియం వద్దని కాదు మిత్రులారా, వరస తప్పొద్దని నా మనవి. రహీం సాబ్ బతుకు నాకు చెప్పింది ఇదే.