చిలగడదుంపలతో నిలిచిన బడి: మేరీ మెక్‌లియోడ్ బెథూన్ జీవితము

కోతపండుగ నాటి వేలంపాట ఎరుగనివారు మన సంఘములలో ఉండరు. సంతలో తక్కువ వెల చేసే గుమ్మడికాయ ఆ రోజున పదింతలు పలుకుతుంది. కొన్నవాడు కాయను చూచి కాదు, పనిని చూచి ఇచ్చాడు. ఈ సంగతిని బాగుగా గ్రహించి, దానితోనే ఒక విద్యాలయమును నిలబెట్టిన ఒక తల్లిని మేము జ్ఞాపకము చేయగోరుచున్నాము.

మేరీ 1875 జూలై 10న అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రములో, మేయెస్‌విల్ దగ్గర జన్మించారు. తల్లిదండ్రులు బానిసత్వము నుండి విడుదల పొందిన నల్లజాతివారు. 17 మంది సంతానములో ఆమె 15వ బిడ్డ. పత్తిచేలలో పనిచేసిన ఆ పిల్ల మిషను బడికి వెళ్లే భాగ్యము పొంది, అక్కడ నేర్చినది ఇంటివారికి నేర్పేది. పై చదువుకు దారి చూపినది డెన్వర్ పట్టణములో కుట్టుపనితో జీవించిన మేరీ క్రిస్మన్ అనే స్త్రీ. ముఖమైనా చూడని పిల్ల కొరకు ఆమె తన కష్టార్జితములో నుండి ఇచ్చింది. చిన్న కానుక విలువ బెథూన్ గారికి ఆనాడే తెలిసింది.

1894లో స్కోషియా సెమినరీలో చదువు ముగించి, చికాగోలోని మూడీ బైబిలు పాఠశాలలో తరిఫీదు పొందారు. ఆఫ్రికాలో మిషనెరీగా సేవ చేయవలెనని ఆమె ఆశ. నల్లజాతివారికి అక్కడ స్థానము లేదని మిషను బోర్డు త్రోసివేసింది. మనసు విరిగినా ఆమె వెనుదిరుగక, స్వజనుల బిడ్డలకు చదువు చెప్పుటకు పూనుకొన్నారు.

1904 అక్టోబరు 3న ఫ్లోరిడాలోని డేటోనాలో ఒక అద్దె యింట బడి తెరిచారు. చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలరు. విద్యార్థులు ఐదుగురు బాలికలు, తన కుమారుడు ఆల్బర్టు. పెట్టెచెక్కలే బల్లలు, కాల్చిన కట్టెలే పెన్సిళ్లు, ఎల్డర్‌బెర్రీ పండ్ల రసమే సిరా.

ఇక డబ్బు ఎక్కడిది? చిలగడదుంపలతో ‘పై’ అనే తీపి వంటకము చేసి, ఐస్‌క్రీముతో పాటు రైలుమార్గపు కూలీలకు అమ్మారు. పిల్లలకు పాటలు నేర్పి, విహారయాత్రకు వచ్చే ధనికుల హోటళ్లలో పాడించి చందా పట్టారు. చెత్త పోసే నేలను బడికొరకు బేరమాడి, మొదటి చెల్లింపుగా 5 డాలర్లు ఈ అమ్మకముల వలననే సమకూర్చారు. ఆ చిల్లరను రుమాలులో మూటగట్టి తీసికొని వెళ్లారని చెప్పుకొంటారు. 1907 నాటికి అక్కడ ‘ఫెయిత్ హాల్’ అను భవనము లేచింది.

సబ్బుల వ్యాపారి జేమ్స్ గ్యాంబుల్, కుట్టుమిషన్ల వ్యాపారి థామస్ వైట్ వంటి గొప్పవారు ఆమెకు అండగా నిలిచారు. గ్యాంబుల్ గారిని ధర్మము అడిగి ఊరకుండక, ట్రస్టీగా బాధ్యత వహించమని కోరుట ఆమె వివేకము. ఇచ్చినవాడు బడికి స్వంతవాడయ్యాడు.

అయినను డబ్బు కొరకు ఆమె గౌరవమును అమ్ముకొనలేదు. తెల్లవారికి ఒక వైపు, నల్లవారికి ఒక వైపు ఆసనములు వేయుట ఆ దేశపు ఆచారమైన దినములలో, తన బడి సభలలో ఆ భేదమును పాటింపలేదు. దాతలు కోపగింతురేమో అన్న భయము ఉండక పోదు. ఆ పరీక్షలోనే ఆమె గొప్పతనము ఉన్నదని మా అభిప్రాయము.

ఆ బడి 1923లో కుక్‌మన్ అను మెథడిస్టు విద్యాలయముతో కలిసి, తరువాత బెథూన్-కుక్‌మన్ కళాశాలగా పెరిగి, 2007లో విశ్వవిద్యాలయమైనది. అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రభుత్వములో యువజన శాఖలో నల్లజాతివారి విభాగమునకు ఆమె అధికారిణిగా పనిచేశారు. 1955 మే 18న నిద్రించారు. 2022లో అమెరికా పార్లమెంటు భవనములో ఫ్లోరిడా రాష్ట్రము తరఫున ఆమె విగ్రహమును నిలిపారు. అంతకు ముందు ఆ స్థానములో ఉన్నది బానిసత్వమును నిలుపుటకు పోరాడిన పక్షపు సేనాని విగ్రహము.

ప్రియ సంఘస్థులారా, మన బడుల పైకప్పులు కారుచున్నప్పుడు దూరదేశపు సహాయము కొరకు ఎదురుచూచుట మనకు అలవాటైనది. మన వంటింట ఉన్నదేమి, మన బిడ్డల గొంతులో ఉన్నదేమి అని ముందుగా చూచుకొందుము. చేతిలో ఉన్న కొద్దిపాటితో పని మొదలుపెట్టి, ఇచ్చినవారికి లెక్క చూపి, వారిని పనిలో భాగస్థులను చేసికొందుము. ఎవరి యెదుటను తల వంచక అడుగుదుము.