కోరింత దగ్గు వెంటపడిన పెరల్

మా అమ్మాయి అంటువ్యాధుల వ్యాప్తి మీద పీజీ పరిశోధన చేస్తోంది. మొన్న ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. టీకా వేయించుకున్న పిల్లల లెక్క బాగానే ఉందట. పోల్చడానికి తీసుకున్న, వేయించుకోని పిల్లల్నే సరిగ్గా ఎంచుకోలేదని గైడు వెనక్కి పంపారట. మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలా అని ఒకటే గొణుగుడు. అప్పుడు దానికి పెరల్ కెండ్రిక్ కథ చెప్పాను.

ఆవిడ 1890లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. చిన్నతనంలో కోరింత దగ్గుతో బాధపడ్డారు. మన అమ్మమ్మలకు బాగా తెలిసిన దగ్గే అది. దగ్గీ దగ్గీ ఊపిరి తిరక్క పసివాళ్ళు నీలంగా మారిపోయేవారు. 1930ల్లో ఒక్క అమెరికాలోనే ఏటా వేలమంది పిల్లలు దీనికి బలయ్యేవారు.

పెరల్ 1932లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఉద్యోగం మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లోని ప్రభుత్వ లేబరేటరీలో. అక్కడే పనిచేసే గ్రేస్ ఎల్డరింగ్‌తో కలిసి ఈ దగ్గు సంగతి తేల్చాలనుకున్నారు. పగలంతా నీళ్ళకీ పాలకీ పరీక్షలు. సాయంత్రం దగ్గే పిల్లల ఇళ్ళకి. ఆర్థిక మాంద్యం రోజులు కదా, కొన్ని ఇళ్ళలో కిరసనాయిలు దీపమే దిక్కు. ఆ వెలుగులోనే పిల్లవాడి నోటి ముందు గాజు పళ్ళెం పట్టి దగ్గించేవారు. అందులో పడిన సూక్ష్మజీవుల్ని పెంచి, చంపి, టీకా తయారుచేశారు. ముందు తమ చేతులకే పొడుచుకుని చూసుకున్నారు.

1934లో పిల్లలకు వేయడం మొదలైంది. తొలి లెక్కలో టీకా వేసిన 712 మందిలో దగ్గు వచ్చింది నలుగురికే. వేయించుకోని 880 మందిలో 45 మందికి వచ్చింది. ఆ 45 మంది తల్లుల్ని తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంత స్పష్టంగా ఉన్నా జాన్స్ హాప్కిన్స్ ప్రొఫెసర్ వేడ్ హాంప్టన్ ఫ్రాస్ట్‌కు అనుమానమే. రెండు జట్ల పిల్లలూ నిజంగా పోల్చదగ్గ వాళ్ళేనా అని. ఆయన గ్రాండ్ రాపిడ్స్ వచ్చి చూశారు. ఆయన సలహాతో పెరల్ పోలిక పద్ధతిని గట్టిపరిచారు. డబ్బు చాలకపోతే 1936లో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌నే లేబరేటరీకి పిలిచారు! ఆవిడ వచ్చి చూసి, నిధులు ఇప్పించడంలో సాయపడ్డారు. 1939లో పెద్ద లెక్క అచ్చయింది. టీకా మళ్ళీ నెగ్గింది.

తర్వాత దాన్నే డిఫ్తీరియా, ధనుర్వాతం టీకాలతో కలిపారు. మనం పిల్లల్ని చంకనేసుకెళ్ళి వేయించే డీపీటీలో మధ్యనున్న 'పి' ఆ దగ్గు టీకాయే. పెరల్ 1980లో కన్నుమూశారు.

మా అమ్మాయి ఏమీ అనలేదు. పొద్దున చూస్తే కొత్త జాబితా రాసుకుంటోంది. ఆదివారం నన్ను తోడు రమ్మంది. కొన్ని వీధులు దానికి తెలియవట.